వారూంగాలో ఇల్లు కొనాలనుకుంటున్నాము: చెట్లు, రైలు, బడి, ఆసుపత్రి గురించి తెలిసినవారు చెప్పగలరు

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. మేము ఏడేళ్లుగా సిడ్నీ పశ్చిమాన వెంట్‌వర్త్‌విల్‌లో రెండు పడకగదుల ఫ్లాట్‌లో అద్దెకు ఉంటున్నాము. బాబు మూడో తరగతిలో ఉన్నాడు, పాప వచ్చే ఏడాది బడిలో చేరుతుంది, రాజమండ్రి నుంచి మా అమ్మగారు ఏటా ఆరు నెలలు వచ్చి మాతో ఉంటారు. ఇక్కడ పచారీ కొట్లకూ గుడికీ ఏ లోటూ లేదు కానీ, జనవరి ఎండకు మధ్యాహ్నం పూట అమ్మ గుమ్మం దాటలేకపోతున్నారు. గత ఆదివారం పని మీద సిడ్నీలోనే మరో శివారైన వారూంగా వైపు వెళ్లి బర్న్స్ రోడ్డులో కారు నడుపుతూ ఉంటే, రెండు వైపుల చెట్లూ పైన కలుసుకుని రోడ్డంతా పందిరి వేసినట్టు కనిపించింది, కారు తెర మీద ఉష్ణోగ్రత మూడు డిగ్రీలు తగ్గింది. అప్పటినుంచి మా ఆవిడ మరో పేట పేరు ఎత్తనివ్వడం లేదు. అక్కడ ఉంటున్నవారు మంచిచెడ్డలు రెండూ చెప్పగలరని ఆశిస్తున్నాను. ఏజెంటును అడిగితే అన్నీ మంచివే చెబుతున్నారు.

వైటారా వాసి
గోదారిగట్టు గారూ, ముందుగా ఒక జాగ్రత్త. ప్రకటనలో వారూంగా అని రాసినదంతా ఒకే వారూంగా కాదు. 2076 అనే పిన్‌కోడ్ నార్మన్‌హర్స్ట్‌కూ, నార్త్ వారూంగాకూ, వారూంగాకూ ఉమ్మడిగా ఉంది. పైగా వారూంగాలో ఎక్కువ భాగం కురింగై కౌన్సిల్ కిందకూ, కొంత భాగం హార్న్స్‌బీ కౌన్సిల్ కిందకూ వస్తాయి. ఈ రెంటినీ కలిపేయాలని రాష్ట్ర ప్రభుత్వం 2016లో పట్టుపట్టింది. కురింగై కోర్టుకు వెళ్లి 2017లో అప్పీలులో గెలవడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. కాబట్టి చెట్టు నరకడానికైనా గది పెంచుకోవడానికైనా మీరు కొనే ఇల్లు ఏ కౌన్సిల్‌లో ఉందో దాని నిబంధనలే చూసుకోవాలి.

నగర కేంద్రానికి వాయవ్యంగా సుమారు 18 కిలోమీటర్ల దూరంలో, దాదాపు 200 మీటర్ల ఎత్తున్న గట్టు మీద ఉన్న ఊరు ఇది. పసిఫిక్ హైవేకూ పెనంట్ హిల్స్ రోడ్డుకూ కూడలి అయిన పియర్సెస్ కార్నర్ దీని పశ్చిమపు అంచు. న్యూకాసిల్ వైపు వెళ్లే ఎం1 మోటార్‌వే మొదలయ్యేదీ ఇక్కడే. ఒకప్పుడు పెద్ద లారీలన్నీ పెనంట్ హిల్స్ రోడ్డు మీదనే నడిచేవి. 2020 అక్టోబరు 31న తొమ్మిది కిలోమీటర్ల నార్త్‌కనెక్స్ సొరంగం తెరిచాక వాటిని భూమి కిందకు మళ్లించారు. అయినా హైవేను ఆనుకున్న ఇళ్లలో రాత్రి చప్పుడు ఉంటుంది. ఇల్లు చూడడానికి శనివారం పదింటికి కాదు, బుధవారం ఉదయం ఏడున్నరకు ఒకసారి వెళ్లి గేటు దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి.

పలకాబలపం
రైలు సంగతి నేను చెబుతాను. హార్న్స్‌బీ నుంచి సెయింట్ లెనార్డ్స్ వరకు నార్త్ షోర్ రైలు మార్గం 1890 జనవరి 1న మొదలైంది, వారూంగా స్టేషన్ ఆ నాటిదే. ఒకవైపు రెండో స్టేషనే హార్న్స్‌బీ, మరోవైపు చాట్స్‌వుడ్, నార్త్ సిడ్నీ, హార్బర్ బ్రిడ్జి దాటి నగరం. మీ ఉద్యోగం ఆ దారిలో ఉంటే ఇంతకంటే సుఖం లేదు. పారమట్టాలో ఉంటే మాత్రం నేరుగా రైలు లేదు. హార్న్స్‌బీ వెళ్లి బస్సు ఎక్కాలి, లేదా కారే గతి.

తోటపని
ఈ ఊళ్లో మాది పదకొండో సంవత్సరం. గోదారిగట్టు గారు చూసిన పందిరి ఎలా వచ్చిందో కొంచెం వివరంగా రాస్తాను. అది తెలియకుండా కొన్నవారు రెండో ఏడాదికే విసుక్కోవడం నేను చూశాను.

సిడ్నీ నేలలో ఎక్కువ భాగం ఇసుకరాయి, అందులో సారం తక్కువ. రైలూ హైవేయూ నడిచే ఈ గట్టు మీద మాత్రం ఇసుకరాయి పైన బంకమన్నుగా మారే పలకరాయి పొర ఒకటి కప్పినట్టు ఉంది. ఆ మన్ను నీటినీ సారాన్నీ పట్టి ఉంచుతుంది. సముద్రం మీది నుంచి వచ్చే మబ్బు ఈ ఎత్తున తగులుకోవడం వల్ల ఏటా 1,100 మిల్లీమీటర్లకు మించి వాన కురుస్తుంది. ఈ రెండూ కలిసిన చోట పుట్టిందే బ్లూ గమ్ హై ఫారెస్ట్ అనే అడవి. సిడ్నీ బ్లూ గమ్, బ్లాక్‌బట్ అనే యూకలిప్టస్ జాతులు ఇందులో 40 మీటర్లు దాటి పెరుగుతాయి. మన వైపు జామాయిల్ తోటల్లో కనిపించే సన్నని మొక్కలను మనసులో పెట్టుకుని వస్తే ఇక్కడి మాను చూసి అది యూకలిప్టస్ అంటే నమ్మరు. మా వీధి చివర మానును నేనూ మా అబ్బాయిలిద్దరూ చేతులు కలిపి కౌగిలించినా చుట్టు అందదు.

పందొమ్మిదో శతాబ్దంలో కలప కోసం ఈ మానులను కొట్టేశారు, ఖాళీ అయిన నేలలో నారింజ తోటలు వేశారు, రైలు వచ్చాక తోటలను ప్లాట్లు చేసి అమ్మారు. గట్టు మీద గాలి ఆరోగ్యానికి మంచిదనే పేరుతో నగరంలోని సంపన్నులు వచ్చి పెద్ద పెద్ద స్థలాల్లో ఇళ్లు కట్టుకుని, తమ వంతుగా ఓక్, మేపుల్, జకరాండా నాటారు. బర్న్స్ రోడ్డు చుట్టుపక్కల ఎర్ర ఇటుక ఇళ్లు ఆ కాలానివే. అంటే మీరు చూసే పచ్చదనంలో పాత అడవి ముక్కలు కొన్ని, తోటల తరవాత మనుషులు నాటినవి కొన్ని. అసలు అడవిలో నూటికి అయిదు పాళ్లు కూడా మిగలలేదు. అది తీవ్రంగా అంతరించిపోతున్న అడవుల జాబితాలో ఉంది. పక్కనే సెయింట్ ఐవ్స్‌లోని డాల్రింపుల్-హే అభయారణ్యానికి వెళ్తే ఇప్పుడున్న పేట ఒకప్పుడు ఎలా ఉండేదో కళ్లారా చూడవచ్చు.

అందుచేత పెరట్లోని పెద్ద చెట్టు మీరు కొన్నది కనుక మీదేనని అనుకోవద్దు. దాన్ని కొట్టాలంటే కౌన్సిల్ అనుమతి కావాలి, ఆకులు రాలుతున్నాయనో ఎండ రావడం లేదనో రాస్తే అనుమతి రాదు. నన్నడిగితే అలా ఉండడమే న్యాయం. ఆ నిబంధన లేకపోతే ఈ పాటికి మీరు మెచ్చుకున్న పందిరే ఉండేది కాదు.

ఇల్లుకట్టిచూడు
తోటపని గారి మాటతో నాకు పేచీ లేదు కానీ, న్యాయానికి అయ్యే ఖర్చు కూడా చెప్పాలి. యూకలిప్టస్ ఏడాది పొడుగునా ఆకు రాలుస్తుంది, బెరడు చీలికలు చీలికలుగా వదులుతుంది, ఏ ముందస్తు కబురూ లేకుండా కొమ్మ పడేస్తుంది. ఇంటి చూరు వెంట ఉండే గట్టర్లను ఏడాదికి కనీసం మూడుసార్లు శుభ్రం చేయించాలి. పాత ఇళ్లలో మురుగునీటి గొట్టాలు మట్టితో కాల్చి చేసినవి. వాటి అతుకుల్లోకి వేళ్లు దూరుతాయి. మేము కొనేముందు ఇంటి తనిఖీ చేయించాము, ఆ నివేదికలో గొట్టాల ఊసే లేదు. మూడో నెలలో స్నానాలగదిలో నీరు వెనక్కి తన్నింది. తవ్వి చూస్తే బొటనవేలు లావున వేరొకటి గొట్టం లోపల బారెడు పొడుగున పడుకుని ఉంది. ఇక్కడ పాత ఇల్లు కొనేవారు గొట్టాల్లోకి కెమెరా పంపించి చూపించమని తప్పకుండా అడగాలి.

రెండోది తుపాను. 1991 జనవరి 21న వచ్చిన ఉరుములగాలివానకు టురామురా, వారవీ, పింబుల్ ప్రాంతాల్లో చెట్లు వేలకొద్దీ కూలాయని పాతకాపులు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2019 నవంబరులో కూడా ఒక గాలివానకు ఈ చుట్టుపక్కల రోజుల తరబడి కరెంటు లేదు.

మూడోది కార్చిచ్చు. అదే 2019 నవంబరులో, అంటే గాలివానకు రెండు వారాల ముందు, సౌత్ టురామురాలో లేన్ కోవ్ జాతీయోద్యానాన్ని ఆనుకున్న ఇళ్ల దాకా మంట వచ్చింది. విమానం నుంచి చల్లిన మందుతో ఇళ్లూ కార్లూ గులాబీ రంగుకు తిరిగాయి. వారూంగాలో గట్టు మీద ఉన్న వీధులకూ, లోయలోకి దిగి అడవి అంచున ఆగిపోయే వీధులకూ ఈ విషయంలో చాలా తేడా ఉంది. అమ్మకం ఒప్పందంతో పాటు కౌన్సిల్ ఇచ్చే 10.7 ధ్రువపత్రం ఉంటుంది. ఆ స్థలం కార్చిచ్చు ప్రమాదపు పటంలో ఉన్నదీ లేనిదీ అందులో రాసి ఉంటుంది. అది చదవకుండా సంతకం పెట్టవద్దు. పటంలో ఉన్న స్థలంలో కొత్తగా ఒక గది కట్టాలన్నా కిటికీ అద్దం నుంచి చూరు జల్లెడ దాకా అన్నీ ప్రమాణం ప్రకారం ఉండాలి, బీమా కూడా పెరుగుతుంది.

గోదారిగట్టు
ఇల్లుకట్టిచూడు గారూ, మీ పేరు సార్థకం. మేము ఇష్టపడిన ఇల్లు సరిగ్గా అలాంటి దిగుడు వీధి చివరనే ఉంది. 10.7 తెప్పించుకుంటాను. బడుల గురించీ, అమ్మగారి ఆరోగ్యం గురించీ కూడా ఎవరైనా రాస్తే మేలు.

పలకాబలపం
బడుల దగ్గర మనవాళ్లు రెండు విషయాలను కలిపేసి డబ్బు పోగొట్టుకుంటారు. వారూంగాలో పేరున్న ప్రయివేటు బడులు ఉన్నాయి. ఆడపిల్లల అబట్స్‌లీ 1885లో మొదలై 1898లో ఇక్కడికి మారింది. మగపిల్లల నాక్స్ గ్రామర్ 1924లో వెలిసింది, తరవాత ప్రధాని అయిన గాఫ్ విట్లమ్ చిన్నప్పుడు కొంతకాలం అక్కడే చదివారు. పై తరగతులకు ఏడాది రుసుము 40,000 డాలర్ల పైమాటే. ఇవి డబ్బు కట్టి చేరే బడులు, మీ ఇల్లు ఎక్కడ ఉన్నా వాళ్లకు పట్టింపు లేదు.

ఇక హార్న్స్‌బీ గర్ల్స్, నార్మన్‌హర్స్ట్ బాయ్స్ అనే ప్రభుత్వ సెలెక్టివ్ బడులు పరీక్ష మీద చేర్చుకుంటాయి. ఆరో తరగతిలో ఉండగా పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు వెంట్‌వర్త్‌విల్ నుంచి వచ్చినా చేరవచ్చు. చిరునామా లెక్కలోకి వచ్చేది మామూలు ప్రభుత్వ బడికి మాత్రమే. వారూంగా పబ్లిక్ స్కూల్ హద్దు ఒక వీధితో ముగిసి, ఎదుటి వరస ఇళ్లు మరో బడి కిందకు పోతాయి. కాబట్టి మీ పాప కోసం ఆ హద్దును ఇంటి నంబరుతో సహా చూసుకోండి. బాబు సెలెక్టివ్ కోసమని ఇక్కడ ఇల్లు కొంటే అది తిరుపతిలో ఇల్లు కొంటే దర్శనం టికెట్ వస్తుందనుకోవడం లాంటిది.

నైట్‌డ్యూటీ
నేను నర్సుగా పనిచేస్తున్నాను, ఆసుపత్రుల మాట నాది. ఫాక్స్ వ్యాలీ రోడ్డులో సిడ్నీ అడ్వెంటిస్ట్ ఆసుపత్రి ఉంది, ఊరివాళ్లు దాన్ని శాన్ అంటారు. సెవెన్త్ డే అడ్వెంటిస్ట్ క్రైస్తవులు 1903లో ఒక ఆరోగ్య విశ్రాంతి గృహంగా తెరిచారు కనుక శానిటేరియం అనే మాటలోని మొదటి ముక్క అలా నిలిచిపోయింది. ఆ సంఘంలో శాకాహారానికి గౌరవం ఎక్కువ. మన పిల్లలు పొద్దున్నే పాలల్లో వేసుకుని తినే వీట్‌బిక్స్ తయారుచేసే కంపెనీ కూడా వాళ్లదే.

కానీ శాన్ ప్రయివేటు ఆసుపత్రి. అక్కడ ఎమర్జెన్సీకి వెళ్లినా రుసుము కట్టాలి. ప్రభుత్వ ఆసుపత్రి హార్న్స్‌బీలో ఉంది, రెండు స్టేషన్ల దూరం. సందర్శకుల వీసా మీద వచ్చే మీ అమ్మగారికి మెడికేర్ అనే ప్రభుత్వ వైద్య పథకం వర్తించదు కనుక అక్కడా బిల్లు వస్తుంది. ఏ ఊళ్లో ఉన్నా ఆవిడ పేరున బీమా తీసుకోవడం ముఖ్యం. ఇల్లు ఆసుపత్రికి ఎంత దగ్గరన్నది ఆ తరవాతి మాట.

మరో సంగతి. సిడ్నీ ఫనెల్ వెబ్ సాలీడుకు ఈ తేమ నేల ఇష్టమైన చోటు. భయపెట్టడానికి చెప్పడం లేదు, 1981లో విషానికి విరుగుడు వచ్చాక దీని కాటుకు ఎవరూ చనిపోలేదు. అయితే బయట వదిలిన చెప్పులు దులపకుండా వేసుకోకూడదు, ఈతకొలనులో మునిగి ఉన్న సాలీడు చచ్చిందనుకుని చేత్తో తీయకూడదు. కరిస్తే ఆ చెయ్యో కాలో అంతా బిగుతుగా కట్టు కట్టి, కదలనివ్వకుండా ఉంచి అత్యవసర నంబరు 000కు ఫోన్ చేయాలి. వాన తరవాత గడ్డిలో జలగలూ, పొదల్లో పిడుదులూ ఉంటాయి.

పాతకాగితం
చర్చకు కాస్త పక్కగా అనిపించినా ఊరి గురించి అడిగారు కనుక రాస్తున్నాను. స్టువర్ట్ వీధి, క్లీవ్‌లాండ్ వీధి కలిసే మూలన ఒక స్మారకం ఉంది. 1918 సెప్టెంబరు 22న వేల్స్‌లోని మార్కోనీ కేంద్రం నుంచి పంపిన తీగలేని సందేశాన్ని రేడియో ఇంజనీరు ఎర్నెస్ట్ ఫిస్క్ తన ఇంట్లో అందుకున్నది ఇక్కడే. బ్రిటన్ నుంచి ఆస్ట్రేలియాకు తీగ లేకుండా నేరుగా అందిన మొదటి సందేశం అది. అప్పటి ఆస్ట్రేలియా ప్రధాని బిల్లీ హ్యూస్ పంపినది. మీ అమ్మగారు వాట్సాప్‌లో రాజమండ్రితో మాట్లాడుతూ ఆ మూల మీదుగా నడిచి వెళ్లవచ్చు.

క్లిసోల్డ్ రోడ్డులో రోజ్ సైడ్లర్ హౌస్ కూడా చూడండి. వియన్నాలో పుట్టిన వాస్తుశిల్పి హ్యారీ సైడ్లర్ 1948, 1950 మధ్య తన తల్లిదండ్రుల కోసం కట్టిన ఇల్లు అది, 1951లో వాస్తుశిల్పానికి ఇచ్చే సల్మన్ పతకం పొందింది. చుట్టూ ఎర్ర ఇటుక ఇళ్లు ఉన్న కాలంలో గాజు గోడలతో, సన్నని స్తంభాల మీద నిలబెట్టిన తెల్లని పెట్టె లాగా కట్టారు. ఇప్పుడు ప్రదర్శనశాల. అడవి వైపు గోడ తీసేసి గాజు పెడితే ఇంట్లో కూర్చున్న మనిషికి ఏం దక్కుతుందో అక్కడ అయిదు నిమిషాల్లో తెలుస్తుంది.

ఈశాన్యం
గోదారిగట్టు గారు చూసిన ఇంటి ముఖం ఏ దిక్కుకు ఉందో ఎవరూ అడగలేదు. ఎన్ని బడులున్నా దక్షిణ సింహద్వారమైతే ఆలోచించుకోవాలని నా మనవి.

తోటపని
ఈశాన్యం గారూ, మీ నమ్మకాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే భూమధ్యరేఖకు ఈవల సూర్యుడు ఉత్తరం వైపుగా నడుస్తాడు. చలికాలంలో ఎండ కావాలంటే ఇంట్లో కూర్చునే గది ఉత్తరానికి తెరుచుకోవాలి. సింహద్వారం దక్షిణానికి ఉన్న ఇళ్లలో పెరడు ఉత్తరానికి వచ్చి, వెనక గదుల్లో మధ్యాహ్నమంతా వెచ్చగా ఉంటుంది. అందుకే ఇక్కడి ఏజెంట్లు ఉత్తరపు పెరడు అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. దక్షిణపు వాలులో పెద్ద చెట్ల కింద ఉన్న ఇల్లు జనవరిలో స్వర్గంలా ఉంటుంది, జూలైలో మెట్ల మీద పాచి పడుతుంది. గోదారిగట్టు గారు చూసింది వేసవిలో కనుక ఈ మాట చెప్పక తప్పలేదు.

గోదారిగట్టు
అందరికీ కృతజ్ఞతలు. ఈ మూడు వారాల్లో జరిగింది రాస్తాను. మొదటి ఇంటి 10.7 చూస్తే కార్చిచ్చు పటంలో ఉంది. లోయ వైపు వాలు, దక్షిణపు పెరడు కూడా. దాన్ని వదులుకున్నాము. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

తరవాత వైటారా వాసి గారు చెప్పినట్టు ఒక పనిదినం సెలవు పెట్టి అమ్మగారిని తీసుకుని రైల్లోనే వెళ్లాము. స్టేషన్ పక్కనే వారూంగా పార్కు, దాన్ని ఆనుకుని కూనన్‌బారా రోడ్డులో కాఫీ దుకాణాలు, మందులషాపు, ఒక వరస కొట్లు ఉన్నాయి. అంతకుమించి బజారు లేదు. పెద్ద సరుకులకు హార్న్స్‌బీ వెస్ట్‌ఫీల్డ్‌కో సెయింట్ ఐవ్స్‌కో వెళ్లాలి, గ్రంథాలయానికి టురామురాకో హార్న్స్‌బీకో వెళ్లాలి. గోంగూర, నాటు వంకాయ లాంటివి కావాలంటే వెంట్‌వర్త్‌విల్‌కు నెలకు రెండుసార్లు రావడం తప్పదని లెక్క వేసుకున్నాము. హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి మేము ఇప్పటికే గంట ప్రయాణం చేస్తున్నాము, ఇకమీదట ఇంకొంచెం ఎక్కువ.

అమ్మగారు పార్కు చుట్టూ ఒక్కసారి కూడా కూర్చోకుండా నడిచారు. వెంట్‌వర్త్‌విల్‌లో బస్టాపు వరకు నడిచి ఆగేవారు. అయితే ఒక బెంచీ మీద కూర్చున్నాక, ఇంతసేపటికీ తెలిసిన మొహం ఒక్కటి కనబడలేదని కూడా అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అందుకే పెద్ద స్థలం ఆలోచన మాని, స్టేషన్‌కు తొమ్మిది నిమిషాల నడకలో, పక్క పేట అయిన వైటారా వైపున్న ఒక చిన్న టౌన్‌హౌస్‌కు ధర చెప్పాము. అటు మనవాళ్ల ఫ్లాట్లు ఉన్నాయి, పెరడు ఉత్తరానికి ఉంది, పటంలో లేదు, గొట్టాల్లోకి కెమెరా కూడా పంపించాము. చెట్టు మాది ఒక్కటీ లేదు, పక్కింటి బ్లూ గమ్ నీడ మాత్రం ఉదయం పూట మా మీద పడుతుంది. గట్టర్లు మేమే తుడుచుకోవాలి.

చివరగా అమ్మగారి ప్రశ్న: ఆరేళ్ల కరివేపాకు కుండీ ఒకటి ఉంది, అది ఆ చలికి బతుకుతుందా?

తోటపని
బతుకుతుంది. కుండీని ఉత్తరపు గోడకు ఆనించి, నేల మీద కాకుండా రెండు ఇటుకల మీద పెట్టండి, మే నెల నుంచి నీళ్లు బాగా తగ్గించండి. జూన్, జూలైలో ఆకంతా పసుపు తిరిగి రాలిపోతే చచ్చిందనుకుని పారేయవద్దని అమ్మగారికి చెప్పండి, అక్టోబరుకు మళ్లీ చిగురు వేస్తుంది. చలికంటే ఎక్కువ భయం బ్రష్ టర్కీతో. ఎర్ర తల, నల్ల ఒళ్లు, కోడికంటే పెద్ద పక్షి, చట్టం రక్షణ ఉంది కనుక దాన్ని ఏమీ చేయకూడదు, కుండీలో మట్టి కనిపిస్తే కాళ్లతో గీరి మొక్కను వేళ్లతో సహా బయట పడేస్తుంది. నావి రెండు అలాగే పోయాయి. మట్టి మీద గులకరాళ్లు పరిచి, చుట్టూ మోకాలెత్తు తీగ వల కట్టండి.